పసుపు బరిణె

"పది నిమిషాలు. ఆ తర్వాత నువ్వు గడప ఇవతల ఉండాలె, బలరామన్నా," అన్నాడు సి.ఐ. రాంచందర్, కాళేశ్వరం సత్రంలో గది తాళం తీయిస్తూ.

ఆ 'అన్నా' అనే ఒక్క మాటలో పట్టినంత వెటకారం పట్టించాడు. బలరాం ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో ఇదే రాంచందర్ అతని కింద ఎస్సైగా పనిచేశాడు. ఇప్పుడు రాంచందర్ ఒంటి మీద యూనిఫాం ఉంది. బలరాం హన్మకొండలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని 'ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకుని పెళ్లి సంబంధాల వాకబులు చేసుకుంటున్నాడు. ముద్దాయి తరఫు వకీలు కోర్టు నుంచి అనుమతి తెచ్చి ఉండకపోతే ఈ పది నిమిషాలు కూడా దక్కేవి కావు.

కేసు చెప్పుకోవడానికి సులువుగానే ఉంటుంది. జనగామ హోల్‌సేల్ కిరాణా వ్యాపారి నర్సయ్య షష్టిపూర్తి కోసం ఇంటిల్లిపాదీ కాళేశ్వరం వచ్చి ఈ సత్రంలో దిగారు. పూజ ముగిసిన సాయంత్రం కోడలు సౌజన్య తలకు గాయమై ఈ గదిలో పడి ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. భూపాలపల్లిలో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోతే మర్నాటికి ప్రాణం పోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. పైన గాయం, లోపల గడ్డ. రాంచందర్‌కు అంతకన్నా ఏం కావాలి? మొగుడు రాకేశ్ కొట్టి చంపాడని లోపల వేశాడు. ఆ రాకేశ్ కూడా తక్కువ తినలేదు. స్టేషన్లో గోడకు తల ఆనించి "నా వల్లనే సచ్చింది సార్, నేనే సంపుకున్న" అని ఏడ్చాడు.

రేపు పొద్దున బెయిలు మీద వాదనలు. రేపే సౌజన్య దశదిన కర్మ. ఈలోపు ఏదో ఒకటి తేలకపోతే కట్టుకున్న దానికి పిండం పెట్టుకునే దారి కూడా రాకేశ్‌కు ఉండదు. బలరాంను పనిలో పెట్టింది రాకేశ్ చెల్లెలు రిషిత. ఇరవై నాలుగేళ్ల పిల్ల. అన్న జైల్లో, తండ్రి మంచాన, ఇంట్లో వచ్చేపోయే చుట్టాలు. అన్నీ ఒక్కతే చూసుకుంటోంది. అడిగిన వాళ్లంతా సగం చెప్పి సగం మింగుతుంటే బలరాంకు మూడు రోజులుగా ఒళ్లు మండిపోతోంది.

ఈ పొద్దున రిషిత పంపిన మెసేజ్ చూసి ఆ మంట ఇంకొంచెం పెరిగింది. 'సార్ రేపు రేపు కోటు అన్న కు కు రావలె బియం' అని ఉంది. చదువుకున్న పిల్ల రాసే తీరు ఇదేనా అని విసుక్కుంటూ ఫోన్ చేశాడు.

"తల పగులుతుంది సార్," అంది ఆమె, బొంగురు గొంతుతో. "ఏడ్చి ఏడ్చి. ఫోన్ల అక్షరాలు సుత కనబడ్తలేవు."

"ఏదన్న గోలీ వేసుకొని జర పండుకో బిడ్డా," అని పెట్టేశాడు.

ఇప్పుడు చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టాడు. ఒక మంచం, గుమ్మం పక్కనే గోడ వారగా చిన్న పీట, పీట మీద దేవుడి పటం. కిటికీకి ఒక చీరను నాలుగు మడతలు వేసి బిగించి కట్టారు. మంచం కింద ప్లాస్టిక్ బకెట్, అందులో ఎండిపోయిన వాంతి. తలాపున తలనొప్పి మలాం డబ్బీలు మూడు, అడుగంటా గీకినవి. గుమ్మం చట్రం మీద, మోకాలి ఎత్తుకు కూడా రాని చోట, ఎండిన రక్తం. పీట కింద బండ మీద నూనె పడి జిడ్డుగా ఎండిపోయింది.

"దీపం కుందితోని కొట్టిండు," అన్నాడు రాంచందర్, గుమ్మానికి ఆనుకుని. "ఇత్తడి కుంది. అడుగున రక్తమున్నది. లాబుకు పంపినం."

"అప్పుడు దీపం వెలుగుతున్నదా?"

"పూజ దినం గదా. వెలగకుంట ఎట్లుంటది?"

"అంటే కుందిల నూనె ఉన్నట్టే. నూనె ఉన్న కుందిని ఎత్తి తల మీద కొడితే ఆ నూనె ఎటు పోవాలె? కొట్టినోని చేతుల మీద పడాలె, అంగి మీద పడాలె, గీ గోడ మీద పడాలె. రాకేశ్ అంగి నీ దగ్గర్నే ఉన్నది. నూనె మరక ఉన్నదా?"

రాంచందర్ గడియారం చూసుకున్నాడు.

"నూనె అంత పీట కిందనే ఉన్నది. కుందిని ఎవ్వరు ఎత్తలే. ఆమె పడ్డప్పుడు తగిలి ఒరిగింది. తల గుమ్మానికి కొట్టుకున్నది. ఆ రక్తమే ఒరిగిన కుందికి అంటింది."

"నూనె అయిపోయినంక కొట్టిండనుకో."

"అయిపోతే గీ మడుగు ఎక్కడిదిరా!" అని అరిచాడు బలరాం. అరిచాక గాని గుర్తురాలేదు, ఈ రాంచందర్‌ను 'రా' అనే కాలం ఎప్పుడో పోయిందని.

"నోరు అదుపుల పెట్టుకో. ఐదు నిమిషాలే ఉన్నయి," అన్నాడు రాంచందర్ చల్లగా. "మరి కిటికీకి చీర ఎందుకు కట్టిండు? లోపట జరిగేది బయట కనబడొద్దని కాదా?"

ఆ మాటకు సత్రం మేనేజర్ చందూలాల్ వరండాలోంచి తల ఊపాడు. పోలీసులు వచ్చినప్పటి నుంచీ ఎవరూ గదులు అడగడం లేదని అతని బాధ. బలరాం అతని వైపు తిరిగాడు.

"నువ్వు ఏం విన్నవు చందూలాల్?"

"ఆయన గట్టిగ ఒర్రిండు సార్. 'ఎప్పుడు జూసినా తలనొప్పేనా, నాయిన పూజల ముఖం మాడ్చుకొని కూసుంటవా' అని. తర్వాత ధన్ మని సప్పుడైంది."

"ఒర్రినదానికి, సప్పుడుకు నడుమ ఎంతసేపు?"

"నడుమ నేను నల్లకాడికి పోయి వచ్చిన సార్. ఆయన కూడా నల్లకాడ బకెట్ల నీళ్లు పడుతుండె."

"సప్పుడుకు ముందా, తర్వాతా?"

చందూలాల్ చాలాసేపు ఆలోచించాడు. "గదే సార్ యాదికొస్తలేదు. ముందనుకుంటా. కాదు, తర్వాత కావచ్చు."

బలరాం నెత్తి పట్టుకున్నాడు. ఒక మనిషి జైలుకు పోవడమా ఇంటికి రావడమా అన్నది ఈ మహానుభావుడి జ్ఞాపకం మీద వేలాడుతోంది. అతను మాత్రం నిమ్మళంగా చెవి గోక్కుంటున్నాడు.

వరండా మెట్ల మీద కార్తీక్ కూర్చున్నాడు. సౌజన్య అన్న. గది తెరుస్తున్నారని తెలిసి వచ్చాడు. మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం. చెల్లెలు పోయినప్పటి నుంచి గడ్డం గీసుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు ఆని దిక్కు మాట్లాడెటోళ్లు. మీతోని నాకు మాటలు లేవు," అన్నాడు.

"ఒక్కటే మాట. మీ చెల్లె చివరిసారి ఎప్పుడు ఫోన్ చేసింది?"

"ఎప్పుడేంది, రోజు చేసేది. 'తల పగులుతుందన్నా, పొద్దుగాల లేస్తే ఇంకా ఎక్కువ, వీళ్లెవ్వరు పట్టించుకుంటలేరు' అని ఏడ్చేది. జనగామల ఉన్నప్పటి సందే. పూజకు వారం ముందు సంది. అప్పటి నుంచే కొడుతున్నరు నా చెల్లెను."

"కొడుతున్నరని చెప్పిందా?"

"చెప్పుకుంటదా? తల నొస్తుందంటే సమజ్ చేసుకోవద్దా మనం?"

బలరాం రాంచందర్ వైపు తిరిగాడు. "విన్నవా? నువ్వు చెప్పే దెబ్బ పూజనాటి సాయంత్రం తగిలింది. తలనొప్పి అంతకు వారం ముందు సంది ఉన్నది. దెబ్బ తగలకముందే నొప్పి ఎట్లొచ్చింది?"

"పాత దెబ్బలు కూడా ఉన్నయేమో. అది కూడా రాస్త," అన్నాడు రాంచందర్.

వాదించి లాభం లేదు. బలరాం మళ్లీ గదిలోకి నడిచి పీట ముందు గొంతుకూర్చున్నాడు. రాంచందర్ మనుషులు పరుపు చీల్చారు, సూట్‌కేసులు బోర్లించారు, స్నానాల గదిలో గొట్టం కూడా విప్పారు. దేవుడి పటం ముందున్న వెండి పసుపు బరిణె మాత్రం పెట్టినది పెట్టినట్టే ఉంది. ముత్తయిదువ పసుపు, అందులో చనిపోయిన మనిషిది. ఆ బరిణె జోలికి ఏ కానిస్టేబులూ పోలేదు. బలరాంకు కూడా చెయ్యి ఒక క్షణం వెనకాడింది. తర్వాత మూత తీశాడు.

పసుపు మీద గట్టి కాగితం ఒకటి మడిచి పెట్టి ఉంది. విప్పితే లోపల మాత్రల రేకు. అన్నీ అయిపోయి రెండే మిగిలాయి. పేరు ఉన్న వైపు సగం చిరిగిపోయింది.

"తలనొప్పి గోలీలు," అన్నాడు రాంచందర్ భుజం మీదుగా తొంగిచూసి.

"తలనొప్పి మలాం అందరికి కనబడేటట్టు తలాపున పెట్టుకున్న మనిషి, తలనొప్పి గోలీలను పసుపు బరిణెల దాచిపెట్టుకుంటదా?"

"ఏమో. ఇది నా సీను. ఈడ దొరికింది నాది." రాంచందర్ రేకును లాక్కుని కవర్లో వేశాడు. "ఫొటో తీసుకుంటే తీసుకో. నీ పది నిమిషాలు అయిపోయినయి."

భూపాలపల్లి దాకా బలరాం తనలో తానే తిట్టుకుంటూ బండి నడిపాడు. ఏసీ పనిచేయదు. అద్దాలు దించితే బొగ్గు లారీల దుమ్ము, ఎత్తితే ఉడుకు. ఫోన్లో ఉన్న ఆ చిరిగిన రేకు ఫొటో తప్ప చేతిలో ఏమీ లేదు.

సౌజన్యను మొదట చూసిన డాక్టర్ పుష్పలత ఓపీ మధ్యలోనే లోపలికి పిలిచింది. ఆమె కూడా ఎవరి మీదో ఒకరి మీద కోపం తీర్చుకోవడానికి కాచుకుని ఉన్నట్టుంది.

"సి.ఐ. గారికి మొత్తం చెప్పబోయిన. 'గడ్డ ఉన్నదా లేదా, ఒక్క మాటల చెప్పుండ్రి మేడం' అన్నడు. ఉన్నది అన్న. అంతే, లేచి పోయిండు. గడ్డ ఎక్కడున్నది అని అడగాలె గదా?"

"నేను అడుగుతున్న."

ఆమె కంప్యూటర్ తెర బలరాం వైపు తిప్పింది. "దెబ్బ తగిలితే నాళం తెగి రక్తం బయటికొస్తది, వచ్చి బయట గడ్డకడ్తది. ఈమెకు బయట లేదు. నాళం లోపట్నే గడ్డకట్టింది. మెదడుకు పోయిన రక్తాన్ని తిరిగి కిందికి తెచ్చే పెద్ద సిర ఇది. దీంట్ల అడ్డం పడ్డది. కాలువల అడ్డం పడితే నీళ్లు ఎనకకు ఎక్కి మళ్లు మునుగుతయి గదా, అట్ల మెదడు ఉబ్బుతది. ముందు తలనొప్పి. తర్వాత వాంతులు, వెలుతురు పడకపోవుడు, చూపు మసకబారుడు, మాట తడబడుడు. ఆఖరికి ఫిట్స్."

"అందుకే కిటికీకి చీర," అన్నాడు బలరాం నెమ్మదిగా. "ఒక్క సాయంత్రంల ఇంత అయితదా?"

"కాదు. ఈ గడ్డ పాతది, రోజుల నాటిది. ఫిట్స్ వచ్చి పడ్డది, పడ్డప్పుడు తలకు తగిలింది. ముందుగాల తీసుకొచ్చి ఉంటే..." ఆమె ఆగింది. గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "రక్తం పలచబడే ఇంజక్షన్లు ఉన్నయి. తొందరగ పట్టుకుంటే చానామంది లేచి ఇంటికి నడిచి పోతరు. ఆమెకు ఇరవై ఏడేండ్లే."

"ఎందుకు కడ్తది ఇట్ల?"

"బాలింతలల్ల చూస్తం. ఒంట్ల నీళ్లు తగ్గినోళ్లల్ల చూస్తం. కొన్ని మాత్రలు ఎక్కువ దినాలు మింగినోళ్లల్ల చూస్తం. ఏమన్న మాత్రలు వాడుతున్నదా అని మొగన్ని అడిగిన, అతనికి తెల్వదన్నడు. అత్తగారిని అడిగిన. 'మా ఇంట్ల గసుంటియి లేవమ్మా' అని అక్కడనే తెంపేసింది."

బలరాం ఫోన్ తీసి ఫొటో చూపించాడు. ఆమె వేళ్లతో పెద్దది చేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నెలసరి ఎనకకు జరిపే మాత్రలివి. పూజలకు, పెండ్లిళ్లకు, తీర్థాలకు ముందు మెడికల్ షాపుల ఊరికె అడిగి తెచ్చుకుంటరు. డాక్టరు చీటీ ఉండదు. నాలుగైదు దినాలు మింగితే చానామందికి ఏం గాదు. దినాలకు దినాలు మింగి, పైనుంచి ఈ ఎండల ఒక్కపొద్దులుండి నీళ్లు తాగకపోతే, కొందరికి ఇట్ల అయితది. ఎవరికైతదో ముందుగాల చెప్పలేం."

మూడు రోజుల్లో మొదటిసారి బలరాంకు కాళ్ల కింద నేల గట్టిగా తగిలింది. నర్సయ్య మొన్న మాటల మధ్య ఒక సంగతి చెప్పాడు. షష్టిపూర్తి ముహూర్తం అసలు అంతకు ముందే ఉండింది. పాలోళ్లలో ఒక ముసలాయన పోతే మైల వచ్చి పూజ వెనక్కి జరిగింది. అప్పుడది బలరాంకు పనికిరాని ముచ్చట అనిపించింది.

బయటికి వచ్చీ రాగానే రాంచందర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"మంచి కథ," అన్నాడు రాంచందర్. "కోర్టుల ఎవలు చెప్తరు? ఆ గోలీలు ఆమెనే మింగిందని ఎవలు చూసిండ్రు? ఎవలు తెచ్చిండ్రు? ఎన్ని దినాలు మింగింది? మొగనికి తెల్వదాయె. నాకు నోరున్న సాక్షి కావాలె అన్నా. నీ ఫొటోకు నోరు లేదు."

కోపంతో చెవులు వేడెక్కినా, రాంచందర్ అన్నదాంట్లో తప్పు లేదని బలరాంకు తెలుసు. ఆ నోరు జనగామలో ఉంది. సౌజన్య అత్తగారు సుశీల నోరు.

పరకాల దాటాక రిషిత నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాడు. అవతల ఊపిరి వినబడింది గాని మాట రాలేదు. "హలో, హలో" అని నాలుగుసార్లు అరిచి, సిగ్నల్ కంపెనీని తిట్టి పెట్టేశాడు.

జనగామ చేరేసరికి ఎండ దిగలేదు. నర్సయ్య ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. వాకిట్లో గంగాళాలు, విస్తరి కట్టలు, కూరగాయల బస్తాలు. రేపటి కర్మకు వచ్చిన మగ చుట్టాలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నర్సయ్య మంచం మీద ఒరిగి ఉన్నాడు. బలరాంను చూసి "ఏమన్న తేలిందా సార్?" అని లేవబోయాడు.

"అమ్మతోని జర మాట్లాడాలె," అన్నాడు బలరాం.

సుశీల నడిమింట్లో గుమ్మం అవతలే నిలబడింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. పరాయి మగవాడి ఎదుట కూర్చునే అలవాటు ఆ ఇంట్లో లేదు. వంటింటి తలుపు దగ్గర రిషిత కనిపించింది. తలకు తువ్వాల బిగించి కట్టుకుని గోడను పట్టుకుని నడుస్తోంది. వాకిలి వైపు నుంచి వచ్చే వెలుతురుకు కళ్లు చికిలించి, బలరాంను చూసి తల ఊపి, లోపలికి వెళ్లిపోయింది. పాపం, పిల్ల నలిగిపోయిందనుకున్నాడు బలరాం.

ఇరవై ఏళ్ల కొలువులో హంతకుల్ని అడిగాడు, దొంగల్ని అడిగాడు, ఒకసారి ఎమ్మెల్యే బామ్మర్దిని కూడా నిలబెట్టి అడిగాడు. ఈ పెద్దావిడను అడగాల్సిన ప్రశ్న మాత్రం గొంతు దాటి రావడం లేదు.

"అమ్మా, సౌజన్య... పూజకు ముందు... ఏమన్న గోలీలు మింగిందా?"

"గోలీలు లేవు, గీలీలు లేవు. డాక్టరమ్మకు చెప్పిన గదా."

"పసుపు బరిణెల దొరికినయమ్మా."

సుశీల ముఖం మాడిపోయింది. "పసుపు బరిణె ముట్టుకున్నరా? సచ్చినామె పసుపు బరిణె?"

"అవి దేనికి వేసుకునేటియో డాక్టరమ్మ చెప్పింది."

"మొగోళ్లు అడిగే ముచ్చటేనా గిది? మీ ఇంట్ల ఆడోళ్లు లేరా? పోండ్రి, మీకు దండం పెడ్త." ఆమె వెనక్కి తిరిగింది.

బలరాంకు ఇక ఓపిక చచ్చిపోయింది. "అమ్మా! నీ కొడుకు జైల్ల ఉన్నడు. కట్టుకున్న పెండ్లాన్ని కొట్టి సంపిండని ఊరంత అనుకుంటున్నరు. రేపు ఆమెకు పిండం పెట్టెటోడు లేడు. నీకు ఒక్క మాట చెప్పనీకి సిగ్గు అడ్డమొస్తుంది. ఆ సిగ్గు గొప్పదా, నీ కొడుకు గొప్పోడా?"

ఆమె ఆగిపోయింది. గోడ వైపు తిరిగి గొంతు వాకిట్లోకి వినబడకుండా బాగా తగ్గించుకుంది.

"నాలుగు దినాలకే తెచ్చిన సార్. ఆయన అరవై ఏండ్ల పూజ. సామానంత వాళ్ల చేతుల మీదనే నడవాలె. నడుమల బయట కూసుంటే ఎట్ల? అంతల పాలోళ్లల్ల పెద్దాయన పోయిండు. పూజ ఎనకకు వడ్డది. గోలీలు ఆపితే వెంటనే వస్తది, మల్ల పూజ నాటికి ఏమైతదోనని ఆపొద్దన్న. మూడు వారాల పైననే మింగింది. తల నొస్తుంది అత్తమ్మా అన్నది. ఒక్కపొద్దులు గదా, ఎండకు నొస్తదిలే అన్న." కొంగు నోట్లో కుక్కుకుంది. "మంచినీళ్లు సుత తాగనియ్యలే సార్. పూజ అయ్యేదాక తీర్థమే అన్న."

"ఇదంత పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గోలీలు మింగి పీటల మీద కూసున్నరు, అందుకే దేవుడు పట్టిండు అనరా నలుగురు? ఆయనకు తెలిస్తే ఉరివెట్టుకుంటడు. పూజ మైలవడ్డదని."

బలరాం ఫోన్ బయటికి తీశాడు. ఈ మాటలే వకీలు ముందు చెప్పిస్తే చాలు. రేపు పొద్దున రాంచందర్ ముఖం ఎలా ఉంటుందో అప్పుడే కళ్ల ముందు కనిపిస్తోంది. "ఎక్కడ కొన్నరో ఆ దుకాణం పేరు చెప్పుండ్రి. ఎన్ని కొన్నరు?"

"తెలిసిన దుకాణంల అడగనీకి సిగ్గయి బస్టాండు కాడికి పోయిన. ముందుగాల కొన్ని తెచ్చిన. పూజ ఎనకకు వడ్డంక ఇద్దరికి సాలయని మల్ల పోయి తెచ్చిన."

"సరే, ఆ దుకాణం..." బలరాం ఆగాడు. "ఇద్దరికా?"

సుశీల బెదిరి చూసింది.

"ఇద్దరెవరమ్మా?"

"కోడలికి... బిడ్డకు. ఇద్దరికి ఒక్కతీర్గనే తెచ్చిన."

"రిషితనా? పూజ అయిపోయింది గదా. అప్పుడే ఆపేసింది గదా?"

"ఎట్ల ఆపుతది సార్?" ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు అంది ఆమె. "వెంటనే కోడలు పాయె. దినాలకు ఇంట్ల చేసెటోళ్లు ఎవరున్నరు? నాకు మోకాళ్లు లేవయ్యె. అది బయట కూసుంటే పిండాలకు వంట ఎవరు వండుతరు? పది దినాలు అయ్యేదాక మింగుమన్న. పొద్దుగాల కూడ ఒకటి ఏసుకున్నది."

తల పగులుతుంది సార్. ఫోన్ల అక్షరాలు సుత కనబడ్తలేవు. 'రేపు రేపు కోటు అన్న కు కు.' పరకాల దగ్గర వినబడిన ఊపిరి. సిగ్నల్ బాగానే ఉంది. మాటే రాలేదు. ఏదన్న గోలీ వేసుకొని పండుకో అన్నాడు తను. డాక్టరమ్మ ఒక్కొక్కటీ చెబుతుంటే ఎదురుగా కూర్చుని వింటూ, చచ్చిపోయిన మనిషి గురించే ఆలోచించాడు. బలరాంకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లో గ్లాసు పడిన చప్పుడైంది.

రిషిత పొయ్యి ముందు నిలబడి ఉంది. చాయ్ బండల మీద పారుతోంది. ఆమె దాన్ని చూడటం లేదు. తన కుడి చేతిని చూసుకుంటోంది. ఆ చెయ్యి పక్కన వేలాడుతోంది.

"రిషితా! నా దిక్కు చూడు. నీ పేరు చెప్పు."

ఆమె పెదాలు కదిలాయి. "బి... బియం," అంది. తను అనాలనుకున్నది అది కాదని ఆమెకు తెలిసినట్టుంది. కళ్లలో భయం కనిపించింది.

బలరాం ఆమెను రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాడు. కుర్చీల్లోని మగవాళ్లంతా లేచారు. "ఏమైంది? ఏమైంది?" అన్నాడు నర్సయ్య మంచం దిగుతూ.

"ఏం లేదు," అంది సుశీల వెనక నుంచి, అలవాటు కొద్దీ. "ఒక్కపొద్దుంది. తల తిరిగింది."

బలరాం ఆమె వైపు ఒక్కసారి చూసి, మోచేత్తో కారు తలుపు తెరిచాడు. రిషితను వెనక సీట్లో పడుకోబెడుతుంటే ఒక ఆడగొంతు వాకిలంతా మారుమోగింది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఉండరు.

"నేనే ఇచ్చిన! ఇద్దరికి నేనే ఇచ్చిన, ముట్టు రాకుంట గోలీలు! రాకేశ్ కొట్టలే! కోడల్ని నేనే సంపుకున్న, ఇప్పుడు బిడ్డను సంపుతున్న!" సుశీల చెప్పులు లేని కాళ్లతో షామియానా తాడు దాటుకుని పరుగెత్తుకొస్తోంది. చేతిలో సగం వాడిన మాత్రల రేకు ఉంది. దాన్ని అందరికీ కనబడేలా పైకి పట్టుకుంది. నర్సయ్య నిలబడినచోటే కూలబడిపోయాడు.

ఆమె వెనక సీట్లో ఎక్కి కూతురి తలను ఒళ్లోకి తీసుకుంది. బలరాం బండి తీశాడు. సందు మలుపు తిరుగుతూనే డాక్టర్ పుష్పలతకు ఫోన్ చేశాడు. ఆమె ఒక్కటే మాట అంది. "ఎక్కడా ఆపకుండ్రి. స్కానింగూ మెదడు డాక్టరూ ఉన్న పెద్ద దవాఖానకే పోండ్రి. హన్మకొండల నేను మాట్లాడి పెడ్త."

తర్వాత రాంచందర్‌కు.

"దొరికిందా అన్నా నోరు?" అన్నాడు రాంచందర్ ఎత్తగానే.

"దొరికింది. వాడకట్టంత వినేటట్టు చెప్పింది. ఇప్పుడు నాకు కేసు వద్దు, తొవ్వ కావాలె. రాకేశ్ చెల్లె నా కార్ల ఉన్నది. అవే గోలీలు, అదే తలనొప్పి. చెయ్యి పడిపోయింది, మాట పోతున్నది. హన్మకొండ దాక ఎక్కడ బండ్లు ఆగినా ఈ పిల్ల బతకదు."

బలరాం పళ్లు కొరుక్కున్నాడు. ఇప్పుడు కూడా వీడు ఏదో ఒకటి అంటాడు, సాక్ష్యం ఏదీ అంటాడు.

"బండి నంబరు చెప్పన్నా," అన్నాడు రాంచందర్. ఆ 'అన్నా'లో ఈసారి వెటకారం లేదు. "నేను అన్ని స్టేషన్లకు చెప్త. నువ్వు తొక్కు."

బలరాం నంబరు చెప్పి తొక్కాడు. వెనక సీట్లో సుశీల కొంగు తడిపి కూతురి పెదాల మీద నీళ్లు పిండుతోంది. తాగు బిడ్డా, తాగు తల్లీ, అని అదే మాట అంటోంది. ఆ నీళ్లు లోపలికి పోకుండా చెంప మీదుగా జారిపోతున్నాయి.

రిషిత కళ్లు తెరిచింది. తల్లి ముఖాన్ని వెతుక్కుని, చాలా కష్టపడి ఒక్కొక్క మాటే కూడగట్టుకుంది.

"అమ్మా... రేపు... వంట... ఎవరు..."

సుశీల ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. బలరాం అద్దంలోకి చూశాడు. రిషిత కళ్లు ఒక పక్కకు తిరిగి అక్కడే నిలిచిపోయాయి. పడిపోయిన కుడి చెయ్యి సీటు మీద మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.